కట్టెను చూసి చెట్టును పోల్చుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కట్టె ఏ చెట్టుదైతే ఏం? ఎండితే అన్నీ మండుతాయి కదా?

మండుతాయి, నిజమే. పూర్తిగా ఎండిన చెక్క ఏ చెట్టుదైనా కిలోకి ఇంచుమించు 4,300 నుంచి 5,000 కిలో కేలరీల వేడినే ఇస్తుంది. అంటే తూకం లెక్కన చూస్తే బూరుగుకీ తుమ్మకీ మరీ పెద్ద తేడా లేదు. తేడా అంతా పరిమాణంలో ఉంది. ఒక ఘనమీటరు ఎండు బూరుగు చెక్క 350 కిలోల దాకా తూగితే, అంతే నల్లతుమ్మ 800 కిలోల దాకా తూగుతుంది. పొయ్యిలో పట్టే చోటు ఒక్కటే కాబట్టి, తుమ్మ మొద్దు పెట్టినప్పుడు అందులో రెట్టింపు కంటే ఎక్కువ వేడి ఉన్నట్టు.

అందుకే కట్టెలు కుప్ప లెక్కన, బండి లెక్కన కొనేవాళ్ళకి జాతి తెలియడం చాలా ముఖ్యం. తూకానికి కొనేవాళ్ళు మాత్రం జాతి కంటే ముందు తడి చూసుకోవాలి. అప్పుడే నరికిన పచ్చి కట్టె బరువులో సగం నీళ్ళే ఉండొచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని చెట్ల కట్టె పొయ్యిలో పెట్టనే కూడదు. దాని గురించి కింద వివరంగా రాశాను.

ముందు ఏం చూడాలి? బెరడా, చెక్కా, కొమ్మా?

బెరడుతో మొదలుపెట్టండి కానీ బెరడు దగ్గరే ఆగకండి. మొదట కంటికి కనిపించేదీ అదే, ఎక్కువగా మోసం చేసేదీ అదే. ఒకే చెట్టు మొదలు దగ్గర నల్లగా పగుళ్ళతో ఉంటుంది, పైకొమ్మ దగ్గర నున్నగా బూడిద రంగులో ఉంటుంది. ఆ రెండు ముక్కలూ ఒకే కుప్పలో పడితే రెండు వేర్వేరు చెట్లవని అనుకుంటాం. తడి, నాచు, దుమ్ము, చెదమట్టి కూడా రంగు మార్చేస్తాయి.

నేను నమ్మే వరస ఇది. బెరడు చూసి రెండు మూడు పేర్లు అనుకోవాలి. కొమ్మ, కణుపు, ముల్లు చూసి అందులో పొసగనివి తీసేయాలి. చివరికి అడ్డంగా కోసిన ముఖం చూసి ఖాయం చేసుకోవాలి. ఏ ఒక్క గుర్తునీ ఒంటరిగా నమ్మొద్దు.

బెరడులో రంగు కాకుండా ఇంకేం చూడాలి?

రంగుని చివర పెట్టుకోండి. అంతకంటే ముందు పగుళ్ళ తీరు చూడాలి. నిలువుగా లోతుగా పగిలిందా, నిలువూ అడ్డం రెండూ పగిలి పలకలుగా విడిపోయిందా, అసలు పగలకుండా నున్నగా ఉందా? ఆ తర్వాత ఊడే తీరు చూడండి: సన్నని పొడుగు పట్టీలుగా ఊడుతుందా, వెడల్పాటి రేకులుగా రాలుతుందా, వేలితో గీకితే పొడిగా రాలుతుందా?

మూడోది లోపలి బెరడు. చిన్న కత్తితో పైపొర గీకితే లోపల అసలు రంగు బయటపడుతుంది. పైన రెండూ బూడిద రంగులో ఉన్నా లోపల ఒకటి ఎర్రగా, ఒకటి పసుపుగా ఉండొచ్చు. పచ్చి కట్టె అయితే అక్కడే పాలు, బంక, ఎర్రటి రసం కారడం కూడా కనిపిస్తుంది. తెల్లటి పాలు వస్తే మర్రి, రావి, మేడి, పాల వంటి చెట్లలో ఒకటి. ఎర్రటి రసం కారి గడ్డకడితే మోదుగ కావచ్చు, వేగిస కావచ్చు. ఈ రెండింటికీ తేడా చెక్కలో తెలుస్తుంది: మోదుగ తేలిక, వేగిసది బరువైన గోధుమ రంగు చేవ (మాను నడుమ ఉండే ముదురు రంగు గట్టి చెక్క). వేగిస చేవ పేళ్ళు నీళ్ళలో నానేస్తే వెలుతురుకి ఆ నీళ్ళు నీలి ఛాయలో మెరుస్తాయి. ఒక్కసారి చూస్తే మరచిపోలేరు.

బెరడు చూడగానే చెప్పేయగలిగే చెట్లు ఏమైనా ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి.

నల్లమద్ది బెరడు నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, నల్లటి దీర్ఘచతురస్రపు పలకలుగా ఉంటుంది. మొసలి వీపులా ఉంటుందని అందరూ అనేది ఇందుకే. ఏరుమద్ది దానికి దగ్గరి చుట్టమే అయినా బెరడు పూర్తిగా వేరు. గులాబీ ఛాయ కలిసిన బూడిద రంగులో నున్నగా ఉండి, వెడల్పాటి రేకులుగా రాలుతుంది.

సండ్ర బెరడు ముదురు గోధుమ రంగులో సన్నని పొడుగు పట్టీలుగా లేచి వేలాడుతుంది. కణుపుల దగ్గర జంటగా కొక్కెపు ముళ్ళు కూడా కనిపిస్తే ఇక అనుమానం లేదు.

తెల్లతుమ్మని చెట్టుగా చూస్తే దూరం నుంచే పాలిపోయిన బెరడు తెలిసిపోతుంది. తుమ్మల్లో ఇంత తెల్లగా ఉండేవి తక్కువ.

జామ బెరడు పలచటి పొరలుగా ఊడి, కింద పచ్చటి, రాగి రంగు మచ్చలు బయటపడతాయి. బూరుగు లేత మానుమీద మొదట్లో లావుగా, మొన పదునుగా ఉండే శంకువు ముళ్ళు ఉంటాయి.

మామిడి, చింత, వేప మాత్రం ముదిరితే బెరడు మీద ఇంత తేలిగ్గా తెలియవు. మూడూ ముదురు బూడిద రంగే, మూడూ గరుకే. వీటిని చెక్క చూసే చెప్పాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎర్రచందనం బెరడు కూడా నల్లమద్దిలాగే పలకలుగా పగులుతుంది. నరికితే ఎర్రటి రసం వస్తుంది, చేవ ముదురు ఎరుపులో ఉంటుంది. అది చట్టం కాపాడుతున్న చెట్టు. అలాంటి దుంగ కనిపిస్తే కట్టెల కింద కొనడం, మోయడం అస్సలు చేయకండి.

నల్లతుమ్మకీ సర్కారు తుమ్మకీ తేడా ఎలా చెప్పాలి? ఎప్పుడూ తికమకే.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. రెండూ ముళ్ళ చెట్లే, రెండూ మంచి కట్టెలే.

బెరడు: నల్లతుమ్మది దాదాపు నలుపు, నిలువుగా లోతైన చీలికలు. సర్కారు తుమ్మది బూడిద కలిసిన గోధుమ రంగు, పగుళ్ళు అంత లోతుండవు, నారగా లేస్తుంది.

రూపం: సర్కారు తుమ్మ మొదట్లోంచే నాలుగైదు మాన్లుగా చీలి పెరుగుతుంది. అందుకే ఆ కుప్పలో సన్నగా, వంకరగా ఉండే కట్టెలే ఎక్కువ. నల్లతుమ్మ సాధారణంగా ఒకే మానుగా పెరుగుతుంది కాబట్టి లావు మొద్దులు దొరుకుతాయి.

పుల్ల: ఇది నాకు అన్నింటికంటే నమ్మకమైన గుర్తు. సర్కారు తుమ్మ పుల్ల ప్రతి కణుపు దగ్గరా కాస్త పక్కకి తిరిగి, మళ్ళీ ఇవతలికి తిరిగి మెలికలు మెలికలుగా సాగుతుంది. ముల్లు గట్టిగా, మొదట్లో లావుగా ఉంటుంది. నల్లతుమ్మ ముళ్ళు జంటగా, నిటారుగా, తెల్లగా ఉంటాయి. లేత కొమ్మలమీదే ఎక్కువ, ముదిరిన కొమ్మలకి బాగా తగ్గిపోతాయి.

కోసిన ముఖం: సర్కారు తుమ్మలో అంచున పసుపు రంగు తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే లేత రంగు చెక్క) సన్నటి పట్టీగా ఉండి, మిగతాదంతా ముదురు ఎరుపు గోధుమ చేవే. నల్లతుమ్మలో తెల్లచెక్క ఇంకాస్త వెడల్పు. చేవ కోసినప్పుడు గులాబీ ఛాయలో ఉండి, గాలి తగిలేకొద్దీ ముదురుతుంది.

కుప్ప అడుగున రాలిన కాయల కోసం కూడా చూడండి. నల్లతుమ్మ కాయ గింజ గింజకీ మధ్య బాగా నొక్కుకుపోయి బూడిద రంగులో ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ పసుపు రంగులో, అంచులు దాదాపు సమంగా ఉంటుంది. కాయ ఒక్కటి దొరికినా సందేహం తీరిపోతుంది.

ముళ్ళన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటితో ఏం తెలుస్తుంది?

ఒకేలా ఉండవు. ముల్లు ఎక్కడినుంచి పుట్టిందో చూడండి. తుమ్మ జాతుల్లో ఆకు పుట్టే కణుపు దగ్గర రెండువైపులా జంటగా వస్తాయి. రేగులో కూడా జంటే, కానీ ఒకటి నిటారుగా, రెండోది వెనక్కి వంగి ఉంటుంది. ఆ జంటను చూస్తే రేగు అని వెంటనే చెప్పొచ్చు. నిమ్మ, మారేడు వంటి వాటిలో ముల్లు ఆకు పంగలోంచి వస్తుంది. అది నిజానికి పొట్టి కొమ్మే. విరిస్తే చెక్కతో సహా విరుగుతుంది. బూరుగు, బాడిత ముళ్ళు బెరడుకి సంబంధించినవి. కణుపుతో పని లేకుండా ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, బొటనవేలితో పక్కకి తోస్తే బెరడుతో పాటు ఊడి వస్తాయి. బెరడు ముళ్ళున్న ఈ రెండూ తేలిక కట్టెలే, పొయ్యికి పెద్దగా పనికిరావు.

కొమ్మలు నరికేశాక కొమ్మల తీరు ఎలా తెలుస్తుంది?

ముడులు మిగిలే ఉంటాయి. మొద్దును తిప్పి చూడండి. ఒక ముడికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఇంకో ముడి ఉంటే కొమ్మలు ఎదురెదురుగా పుట్టే చెట్టు. టేకు, నేరేడు, జామ, పాల ఈ కోవలోవి. ఒకటి ఇటు, తర్వాతిది కాస్త పైన అటు ఉంటే ఒకదాని తర్వాత ఒకటిగా పుట్టేవి: తుమ్మలు, వేప, మామిడి, చింత, కానుగ, సుబాబుల్. ఒకే చోట చుట్టూ నాలుగైదు కొమ్మలు ఉంటే బూరుగో ఏడాకుల పాలో కావచ్చు.

ఒక్క ముడి చూసి తేల్చొద్దు. ఎదురెదురు కొమ్మల్లో ఒకటి చిన్నప్పుడే ఎండి రాలిపోవడం మామూలే. మూడు నాలుగు కణుపులు చూడండి, వీలైతే లావు మొద్దు వదిలేసి వేలంత పుల్లలు చూడండి. ఆకు రాలిన మచ్చలు వాటిమీద చెక్కుచెదరకుండా ఉంటాయి.

పుల్ల ఆకారం కూడా పనికొస్తుంది. టేకు, జామ లేత పుల్లలు గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా ఉంటాయి. వేళ్ళ మధ్య తిప్పితే అంచులు తెలుస్తాయి.

కోసిన ముఖంలో ఏం కనిపిస్తుంది? నాకు వలయాలు తప్ప ఏమీ కనిపించవు.

రంపం కోత మీద నిజంగానే ఏమీ కనిపించదు. రంపం పళ్ళు రంధ్రాలన్నింటినీ పీచుతో కప్పేస్తాయి. పదునైన కత్తితో గోరంత చోటు నున్నగా చెక్కి, ఒక చుక్క నీళ్ళు రాసి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కంటికి ఆనించుకుని చూడండి.

మొదట సన్నటి చుక్కల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు నీళ్ళు పైకి లాగే గొట్టాల మొనలు అవి. వేప, మామిడి, తుమ్మల్లో ఆ రంధ్రాలు ముఖమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. టేకులోనూ తురకవేపలోనూ ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసకట్టి, తర్వాత చిన్నవవుతాయి. అందుకే వాటి వలయాలు భూతద్దం లేకుండానే స్పష్టంగా కనిపిస్తాయి. వేప, తురకవేప మొద్దులు పక్కపక్కన పడితే ఈ ఒక్క గుర్తుతో విడదీయొచ్చు.

రెండోది రంధ్రాల చుట్టూ ఉండే లేత రంగు మెత్తటి కణజాలం. నల్లతుమ్మలో ఒక్కో రంధ్రం చుట్టూ తెల్లటి అంచు గీసినట్టు ఉంటుంది. మర్రి, రావి జాతుల్లో అది రంధ్రాలని వదిలేసి, లేతా ముదురు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటిగా ముఖమంతా పరుచుకుని ఉంటుంది. కానుగలో కూడా పట్టీలు ఉంటాయి కానీ చెక్క మర్రి కంటే బరువు, రంగు పసుపు కలిసిన తెలుపు.

మూడోది నడిమధ్య నుంచి బెరడు వైపు వచ్చే సన్నటి గీతలు. చాలా చెట్లలో ఇవి వెంట్రుక కంటే సన్నం. సరుగుడు మొద్దుల్లో మాత్రం కొన్ని గీతలు కంటికి కనిపించేంత వెడల్పుగా ఉంటాయి. ఎండుతున్నప్పుడు మొద్దు మొన పగిలేది కూడా ఈ గీతల వెంబడే.

చేవ రంగుని ఎంతవరకు నమ్మొచ్చు?

తాజాగా చీల్చిన ముఖం మీద అయితే బాగానే నమ్మొచ్చు. ఎండా వానా తిన్న ముఖం ఏ చెట్టుదైనా బూడిద రంగుకే వస్తుంది కాబట్టి, చూసే ముందు కొత్తగా ఒక చెక్క లేపండి.

చింతలో తెల్లచెక్క చాలా వెడల్పు, నడుమ చేవ చిన్నగా, అంచులు సరిగా లేకుండా ఊదా కలిసిన ముదురు గోధుమ రంగులో ఉంటుంది. లేత చింతలో చేవే ఉండకపోవచ్చు. వేప చేవ ఎరుపు గోధుమ. సండ్ర చేవ బాగా ఎరుపు, చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. దిరిసెన చేవ ముదురు గోధుమ రంగులో గీతలతో అందంగా ఉంటుంది. దాన్ని కోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొట్టుకి తుమ్ములు ఆగవు. మామిడి, కానుగల్లో చేవకీ తెల్లచెక్కకీ మధ్య స్పష్టమైన గీత కనిపించదు.

గొడ్డలి దెబ్బకి చీలే తీరులో జాతి తెలుస్తుందా?

జాతి పేరు తెలియకపోయినా గుంపు తెలుస్తుంది. నార నిటారుగా ఉన్న కట్టె ఒకటి రెండు దెబ్బలకి నున్నగా రెండుగా విడిపోతుంది. సరుగుడు, సుబాబుల్ ఇలాంటివి. నార ఒక పొరలో ఇటు, తర్వాతి పొరలో అటు అల్లుకుపోయిన చెక్క చీలదు, చిరుగుతుంది. ముఖం మీద పీచు లేచి ఉంటుంది. వేప, నీలగిరి ఈ రకం. చింత అన్నింటికంటే మొండిది.

నీలగిరిని పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేయండి. ఎండితే గొడ్డలి ఎగిరిపడుతుంది.

సరుగుడు, నీలగిరి, సుబాబుల్ మూడూ నిటారు కర్రలే. ఎలా విడదీయాలి?

నీలగిరి బెరడు పొడుగాటి పట్టీలుగా ఊడి, కింద నున్నటి లేత రంగు మాను కనిపిస్తుంది. ఆకు నలిపితే వచ్చే వాసన అందరికీ తెలిసిందే. సరుగుడు బెరడు లేతగా ఉన్నప్పుడు నున్నగా ఉన్నా, తర్వాత గరుకెక్కి నిలువు పట్టీలుగా లేస్తుంది. గీకితే లోపల ఎరుపు. కుప్పలో సూదుల్లాంటి పచ్చటి పుల్లలు ఉంటే ఒకటి తీసి లాగండి, చిన్న చిన్న కణుపుల దగ్గర తెగుతుంది. ఆ కణుపు చుట్టూ పళ్ళలా కనిపించేవే దాని అసలు ఆకులు. సుబాబుల్ బెరడు బూడిద రంగులో నున్నగా, చిన్న బొడిపెలతో ఉంటుంది. ముల్లు ఉండదు, తెల్లచెక్క లేత పసుపు.

పొయ్యికి మొదటి ఎంపిక సరుగుడే. కాస్త పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, సెగ గట్టిగా ఉంటుంది.

బెరడు లేని పాత పేళ్ళైతే?

బరువు చూడాలి. ఒక పేడులోంచి సమంగా ఉండే సన్నటి పుల్ల చెక్కి, బాగా ఎండబెట్టి, పొడుగాటి సన్నటి గాజు పాత్రలో నీళ్ళు పోసి నిలువుగా వదలండి. పుల్ల పొడుగులో ఎన్నో వంతు మునిగిందో దాదాపు అదే దాని సాంద్రత. మూడో వంతు మునిగితే బూరుగు, మునగ తరహా. పదింట ఆరు వంతులు మునిగి నాలుగు పైకి తేలితే మామిడి, సుబాబుల్ దరిదాపుల్లోది. పదింట ఎనిమిది వంతులు మునిగితే తుమ్మ, సరుగుడు వంటి గట్టి కట్టె. చటుక్కున మునిగిపోతే సండ్రలాంటి చేవ.

పేరు తేలకపోయినా ఇది చాలు. పొయ్యికి కావలసింది ఆ అంకే.

కట్టె ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. మొనల్లో పగుళ్ళు, వదులైన బెరడు కూడా గుర్తులే, కానీ మొన ఎండి మధ్య పచ్చిగా ఉండొచ్చు. అనుమానముంటే మధ్యకి చీల్చి ఆ ముఖం చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. తడి 20 శాతం కంటే తగ్గితేనే పొగ లేకుండా మండుతుంది. చీల్చి, గాలి ఆడేలా పేర్చి, కనీసం ఒక ఎండాకాలం ఉంచండి. లావు తుమ్మ మొద్దులకి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఏ కట్టెలు అసలు కాల్చకూడదు?

దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

గన్నేరు: చెట్టంతా విషమే, పొగ కూడా విషమే. ఆకులు కణుపుకి మూడేసి చొప్పున చుట్టూ పుడతాయి కాబట్టి ఎండు పుల్ల మీద కూడా మూడు మచ్చలు ఒకే ఎత్తులో ఉంటాయి. పచ్చగన్నేరులో ఈ మూడేసి వరస ఉండదు, గీకితే తెల్లటి పాలు వస్తాయి. అదీ అంతే విషం. నిద్రగన్నేరు వేరే చెట్టు, దానికి ఈ భయం లేదు.

నల్లజీడి: బెరడు గీకితే వచ్చే రసం నల్లబడుతుంది, తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. కోయడం, కాల్చడం రెండూ వద్దు. మడ అడవుల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పొగ కూడా కళ్ళని మండిస్తుంది.

పచ్చి మామిడి కోసేటప్పుడు వచ్చే జీడి కొందరికి దురద, దద్దుర్లు తెప్పిస్తుంది. ఎండాక కాల్చడానికి ఇబ్బంది లేదు.

రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు పట్టించిన కర్ర ఏ చెట్టుదైనా సరే పొయ్యిలో పెట్టొద్దు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత స్తంభాల ముక్కల్లో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు, అది బూడిదలో మిగిలిపోతుంది.

ఒక కట్టె ఏమిటో తేలలేదు, పాలు మాత్రం వస్తున్నాయి అనుకోండి. దాన్ని పక్కన పెట్టేయండి.

ఫోన్‌లో ఫోటో తీస్తే యాప్ చెప్పదా?

ఆకు, పువ్వు ఫోటో ఇస్తే చాలావరకు చెబుతుంది. ఒట్టి బెరడు ఫోటోకి చెప్పే పేరుని మాత్రం నమ్మొద్దు. కుప్పలో ఒక ఆకో కాయో దొరికితే దాన్ని ఫోటో తీయండి, వచ్చిన పేరుని చెక్కతో సరిచూసుకోండి.

ఇదంతా గుర్తుండాలంటే ఏం చేయాలి?

నమూనాలు దాచుకోండి. ఆకులతో ఉన్నప్పుడే కచ్చితంగా తెలిసిన చెట్టు నుంచి, మీ మణికట్టంత లావు కొమ్మ ముక్క జానెడు తీసుకోండి. ఒక చివర నున్నగా చెక్కండి, పక్కన సగం మేర బెరడు ఉంచి సగం తీసేయండి, చెట్టు పేరు, కోసిన నెల పెన్సిల్‌తో రాయండి. అదే చెట్టు ముదురు బెరడు ముక్క కూడా ఒకటి తోడుగా కట్టిపెట్టండి, ఎందుకంటే కుప్పలో మీకు రెండూ ఎదురవుతాయి. మొదట తుమ్మ, సర్కారు తుమ్మ, వేప, మామిడి, చింత, సరుగుడు ఈ ఆరింటితో మొదలుపెడితే చాలు. తెలియని ముక్క దొరికినప్పుడల్లా దీన్నీ వాటినీ పక్కపక్కన పెట్టి, ఒకే కత్తితో చెక్కి, ఒకే భూతద్దంతో చూడండి.